రోమాపురి సన్న్యాసులు: తెలుగుసీమ బైబిలు బోధలో సత్యం, గోప్యత, కూటరచన

వ్యాససంగ్రహం: పద్దెనిమిదవ శతాబ్దిలో కర్ణాటక మిషను పేరుతో తెలుగుసీమలో పనిచేసిన యేసుసభ గురువులు సన్న్యాసి వేషం ధరించి, తాము 'ఫిరంగులం' కామని చెప్పుకొన్నారు. దీనిని మోసమని కొందరు, సంస్కృతితో సమన్వయమని కొందరు వ్యాఖ్యానించారు. వేషం, ద్వ్యర్థి వచనం, కూటరచన, మౌనం అనే నాలుగింటినీ ఒకే గాటన కట్టరాదనీ, బైబిలూ దాని వ్యాఖ్యాన సంప్రదాయమూ ఇచ్చే కొలమానంతోనే వాటిని విడివిడిగా తూచవలసి ఉంటుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: కర్ణాటక మిషను, రాబర్టో దె నోబిలి, ఫిరంగి, ఎజూర్వేదం, మలబారు ఆచారాల వివాదం, మఠంపల్లి.

1. ఉపోద్ఘాతం

కృష్ణానది ఉత్తరపు గట్టు వైపు, నేటి సూర్యాపేట జిల్లాలో ఉన్న మఠంపల్లి రెండు కారణాల వల్ల పరిచితమైన పేరు. ఆ మండలంలోనే నది ఒడ్డున మట్టపల్లి లక్ష్మీనరసింహ క్షేత్రం ఉంది. దూరప్రాంతాలవారు ఈ రెండు ఊళ్ల పేర్లనూ తరచు ఒకటిగా పొరబడుతుంటారు. రెండవది మఠంపల్లిలోని కథోలిక దేవాలయం. 1976లో ఏర్పడిన నల్లగొండ మేత్రాసనంలో ఇది పేరుపొందిన విచారణ. దేవాలయానికి 'శుభవార్త' అని పేరు. సువార్త అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం కూడా అదే. వార్త అన్న తరువాత దానిని మోసుకొచ్చినవాడు ఒకడుంటాడు. అతడు తన గురించి నిజం చెప్పాడా, వార్తను ఉన్నదున్నట్లు అందించాడా అనే ప్రశ్నలు ఆ వెంటనే తలెత్తుతాయి.

ఈ ప్రాంతపు కథోలిక రెడ్డి కుటుంబాలకు నదికి ఆవలనున్న పల్నాడు, గుంటూరు సీమలతో బంధుత్వాలున్నాయి. తెలుగు కథోలిక రెడ్ల సామాజిక చరిత్రను పరిశోధకులు పద్దెనిమిదవ శతాబ్ది తొలి దశకాలలో రాయలసీమలోనూ దాని పరిసర సంస్థానాలలోనూ సాగిన యేసుసభ బోధతో ముడిపెడతారు. యుద్ధాలూ కరవులూ తరిమినప్పుడు ఆ సమాజాలు తూర్పుకు జరిగాయి. కాబట్టి మఠంపల్లి వంటి ఊరి విశ్వాసచరిత్రను వెనక్కి తవ్వుతూ పోతే తగిలేది గుండెల దాకా గడ్డం పెంచి, కాషాయం కట్టి, శాకాహారం తింటూ, రోమాపురి నుంచి వచ్చామని చెప్పిన ఫ్రెంచి సన్న్యాసులే. 'మీ పూర్వులను మాయచేసి మతం మార్చారు' అనే వాదానికి ఆధారం అక్కడే ఉంది. దానికి సమాధానం ఉంటే అదీ అక్కడే వెతకాలి.

2. బైబిలు కొలమానం

బైబిలు అబద్ధాన్ని నిషేధించిందని చెప్పడం సులువు. కథోలికుల లెక్కలో ఎనిమిదవ ఆజ్ఞ పొరుగువానిపై అబద్ధసాక్ష్యాన్ని నిషేధిస్తుంది. మత్తయి సువార్త ఐదవ అధ్యాయంలో క్రీస్తు ఔనంటే ఔననీ కాదంటే కాదనీ చెప్పడమే చాలునన్నాడు. అపొస్తలుల చర్యలలో పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచి, అంతా తెచ్చామన్నట్లు నటించిన అననీయ, సప్పీరాలు పడి చనిపోయారు. పేతురు అక్కడ సొమ్ము దాచినందుకు తప్పుపట్టలేదు. పొలం వారిదే, సొమ్మూ వారిదే. దాచుకొని మొత్తం ఇచ్చినట్లు చెప్పడమే నేరమైంది. ఈ సూక్ష్మభేదం ముందుముందు మనకు అవసరమవుతుంది.

అయితే అదే గ్రంథంలో యాకోబు మేకతోళ్లు చేతులకు చుట్టుకొని చూపులేని తండ్రి నుంచి అన్నకు దక్కవలసిన ఆశీర్వాదం పొందాడు. ఐగుప్తులోని హెబ్రీ మంత్రసానులు షిఫ్రా, పూయా ఫరోకు కల్లబొల్లి కారణం చెప్పి మగబిడ్డలను కాపాడారు. రాహాబు గూఢచారులను మిద్దెపై దాచి, వెళ్లిపోయారని చెప్పింది. వీరిలో ఎవరినీ గ్రంథం శిక్షించలేదు. పైగా మంత్రసానులకు దేవుడు మేలు చేశాడని నిర్గమకాండం చెబుతుంది.

ఈ చిక్కును అందరికంటె తీవ్రంగా ఎదుర్కొన్నవాడు పునీత అగస్తీను. అబద్ధంపై అతడు రెండు గ్రంథాలు రాశాడు. సుమారు 420లో రాసిన రెండవదానికి కారణం మన విషయానికి చాలా దగ్గరిది. ప్రిసిలియను శాఖవారిని పట్టుకోవడానికి తామూ ఆ శాఖవారమేనని నటించి వారిలో చేరవచ్చునా అని కొన్సెంతియుసు అడిగాడు. కూడదన్నాడు అగస్తీను. సత్యాన్ని బోధించడానికి అబద్ధాన్ని వాహనం చేసుకొంటే, విన్నవాడు ఆ తరువాత చెప్పే సత్యాన్ని మాత్రం ఎందుకు నమ్మాలి అన్నది అతని వాదసారం. యాకోబు విషయానికి వచ్చేసరికి మాత్రం అది అబద్ధం కాదు, మర్మం అని తప్పుకొన్నాడు. మహామేధావి నిలువుగా ఇరుక్కొన్న చోటు అది.

జెరోముతో అతని వివాదమూ గమనార్హమే. గలతీయుల లేఖలో పౌలు పేతురును ముఖం మీదనే మందలించాడు. అన్యజాతివారితో కలిసి భుజించిన పేతురు, యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి పంక్తి విడిచి తప్పుకొన్నాడు. ఆ మందలింపు ఇద్దరూ కూడబలుక్కొని చేసిన నటన అన్నాడు జెరోము. లేఖనంలో నటనను ఒప్పుకొంటే ఏ వాక్యానికీ ప్రామాణ్యం మిగలదన్నాడు అగస్తీను. ఎవరితో కూర్చుని తినాలన్నది ఆ వివాదానికి మూలమని తెలుగు పాఠకుడు మరవకూడదు.

మన శ్రోతలు కూడా ఈ విషయంలో అమాయకులేమీ కారు. ద్రోణుని ముందు ధర్మరాజు 'కుంజరః' అన్న మాటను గొంతు తగ్గించి పలికిన కథ వారికి తెలుసు. భాగవతం అష్టమస్కంధంలో ఏయే సందర్భాలలో బొంకితే పాపం లేదో శుక్రుడు బలికి చెప్పడం, బలి దానిని తిరస్కరించడం తెలుసు. వచ్చినవాడు వామనుడైనా వేషంలోనే వచ్చాడు. సీతను ఎత్తుకుపోయినవాడూ సన్న్యాసి వేషంలోనే వచ్చాడు. వేషం కనిపించగానే అది దైవమా దండుగా అని తర్కించుకోవడం ఈ నేలమీద పాత అలవాటు.

3. మధురలో మొదలైన మాట

రాబర్టో దె నోబిలి 1577లో జన్మించాడు. 1605లో గోవాకు, 1606లో తెలుగు నాయకరాజుల పాలనలో ఉన్న మధురకు చేరాడు. అదే సంవత్సరం మేలో ఇంగ్లండులో హెన్రీ గార్నెట్ అనే యేసుసభ గురువును ఉరితీశారు. మందుగుండు కుట్ర విచారణలో అతనిపై ద్వ్యర్థి వచనాల నిందకూడా పడింది. మాటలో సగం పైకి పలికి మిగతా సగం మనసులో ఉంచుకొనే 'మనోగుప్తి' సిద్ధాంతం అప్పటికి ఐరోపాలో రచ్చకెక్కింది. 1679లో పదకొండవ ఇన్నసెంటు పాపుగారు ఆ సిద్ధాంతపు తీవ్రరూపాన్ని ఖండించారు. నోబిలి గురించి రాసేవారు ఈ నేపథ్యాన్ని వదిలేసి, అతని నడవడిని కేవలం భారతీయ సంస్కృతిపై ప్రేమగా వర్ణించడం సగం చరిత్రే.

మధురలో నోబిలికి ముందే గొన్సాలో ఫెర్నాండెజు అనే పోర్చుగీసు గురువు ఉన్నాడు. అతడు ఏ వేషమూ వేయలేదు. అయితే జ్ఞానస్నానానికి వచ్చినవారిని పరంగి కులంలో చేరతావా అన్న అర్థం వచ్చేట్లు అడిగేవారు. నోబిలి పట్టుకొన్నది ఈ ప్రశ్ననే. పరంగి అంటే ఆనాటి మధురలో పోర్చుగీసువాడు, గోమాంసం తిని మద్యం తాగి శుచి లేక తిరిగేవాడు, అతనితో కలిసినవాడు. క్రైస్తవం పరంగి కులం కాదు కనుక ఆ ప్రశ్న అబద్ధం. ఏ దాపరికమూ లేని మనిషి నోట వచ్చిన అబద్ధం. నిజాయితీ గలవాడు చెప్పిన మాట నిజమే అయి ఉండనక్కర లేదనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

నోబిలి కాషాయం కట్టాడు. శాకాహారమే తిన్నాడు. ఫెర్నాండెజు ఇంటినుంచి వేరుపడ్డాడు. సంస్కృతం, తమిళంతోపాటు తెలుగూ నేర్చాడు. తాను పరంగిని కాననీ, రోమాపురిలో రాజతుల్యమైన కుటుంబంలో జన్మించి సన్న్యసించాననీ ప్రకటించాడు. ఇందులో ప్రతి మాటా ఒక అర్థంలో సత్యం. అతడు పోర్చుగీసువాడు కాడు, ఉన్నతవంశీయుడే, బ్రహ్మచారియే. కాని మధుర వీథిలో పరంగి అన్న మాటకు తెల్లతోలు విదేశి అన్న విశాలార్థం కూడా ఉంది. ఆ అర్థంలో విన్నవాడికి అందినది అసత్యం. పోయిన వేదాన్ని తెచ్చానని నోబిలి చెప్పడంలోనూ ఇదే చిక్కు ఉంది. మోక్షమార్గం తెలిపే నాలుగవ వేదం నశించిందని అతనికి స్థానికంగా వినిపించింది. తాను తెచ్చినది అదేనన్నాడు. ఉపమానంగా తీసుకొంటే ఇది పౌలు ఏథెన్సులో అజ్ఞాతదేవుని బలిపీఠాన్ని చూపి ప్రసంగించిన పద్ధతే. చరిత్రవచనంగా తీసుకొంటే కాదు. పౌలు ఆ బలిపీఠాన్ని తాను నిలిపానని గాని, దాని పూజారి వంశంలో పుట్టానని గాని చెప్పలేదు.

ఫెర్నాండెజు 1610లో ఫిర్యాదు పంపాడు. 1619లో గోవాలో చర్చ జరిగింది. 1623 జనవరి 31న పదిహేనవ గ్రెగరీ పాపుగారు యజ్ఞోపవీతం, శిఖ, చందనం, స్నానాలను కొన్ని నియమాలతో అనుమతించారు. నోబిలి 1656 జనవరిలో మైలాపూరులో మరణించాడు. ఆ నెలలోనే పారిసులో పాస్కలు తన అజ్ఞాతనామ లేఖలను ఆరంభించి, అయిదవ లేఖలో ఇండియా, చైనాలలో యేసుసభవారు విగ్రహాల ముందు మొక్కుతూ బట్టలలో దాచిన క్రీస్తుప్రతిమను మనసులో తలచుకోవడానికి విశ్వాసులను అనుమతిస్తున్నారని నిందించాడు. దొంగపేరు కింద దాగి ఇతరుల దాపరికాన్ని నిందించడంలోని వింత అతనికి తట్టినట్లు లేదు.

4. కర్ణాటక మిషను

1688లో సయాము నుంచి తరలిన ఫ్రెంచి యేసుసభ గురువులు పాండిచ్చేరి చేరి, 1700 ప్రాంతంలో వాయవ్యంగా తెలుగు కన్నడ సీమలకు కదిలారు. మధుర పద్ధతినే వారు అనుసరించారు. పుంగనూరు తొలి కేంద్రాలలో ఒకటి. చిక్కబళ్లాపురం, కృష్ణాపురం, మదిగుబ్బ, వెంకటగిరి వారి లేఖలలో తరచు కనిపిస్తాయి. మొదుయి, బూషె, ల గాక్, కాల్మెత్, కేర్దూ వంటివారు పనిచేశారు. పారిసులో 1702 నుంచి అచ్చైన లేఖాసంపుటాలలో వీరి కష్టాలు, దాసర్ల ప్రతిఘటన, పాళెగాండ్ర అనుగ్రహ ఆగ్రహాలు నమోదయ్యాయి.

ఇక్కడ ద్వ్యర్థి వచనం మరొక మెట్టు దిగింది. నోబిలి రోమా వాస్తవ్యుడు. వీరు ఫ్రెంచివారు. రోము మతానికి చెందినవారు గనుక రోమాపురి సన్న్యాసులమనడం వారికి సమ్మతమైంది. పాండిచ్చేరిలో ఫ్రెంచి కోట ఉంది, దానితో వారికి సంబంధమూ ఉంది. ఫిరంగి కాదన్న మాట నోబిలి నోట సగం నిజమైతే వీరి నోట పావువంతు నిజం. విధి వైచిత్రి ఏమంటే, తరువాతి కాలంలో తెలుగు కథోలికులకు పెద్ద కేంద్రమైన ఊళ్లలో ఒకటి ఫిరంగిపురం. అది ఏ ఫిరంగి, తుపాకియా మనిషియా అన్నది వేరే చర్చ.

అదే కాలంలో లూథరను మతబోధకులు తరంగంబాడిలో 1706 నుంచి, మద్రాసులో బెంజమిను షుల్జు 1728 నుంచి ఐరోపా వేషంలోనే బోధించారు. షుల్జు బైబిలును తెలుగు చేశాడు. దాపరికం లేదు. కాని కుంఫిణీల కోటనీడలో నిలబడి బోధించేవాడు తాను ఎవరి మనిషో చెప్పకనే చెప్పినట్లవుతుంది. అదీ ఒక సందేశమే.

తెలుగు క్రైస్తవ కావ్యాలలో తొలిరోజులదైన పింగళి ఎల్లనార్యుని తోభ్యాచరిత్రము ఇక్కడ గుర్తుకు రావడం సహజం. దాని మూలం కథోలికులు ప్రమాణంగా స్వీకరించే తోబీతు గ్రంథం. ఆ కథలో రఫాయేలు అనే దేవదూత మనిషి రూపంలో వచ్చి, అడిగినప్పుడు తాను అననీయ కుమారుడైన అజరియానని చెబుతాడు. కార్యం ముగిశాక పన్నెండవ అధ్యాయంలో నిజరూపం వెల్లడిస్తాడు. బైబిలులోని అన్ని కథలలో ఈ ప్రచ్ఛన్న మార్గదర్శి కథకు తొలినాటి తెలుగు కావ్యంలో చోటు దక్కడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని దానిని విన్న శ్రోతకు వేషం వేసుకొన్న ఉపకారి విడ్డూరంగా తోచి ఉండడు. దేవదూత చివరకు నిజం చెప్పి వెళ్లాడన్న తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి.

5. ఎజూర్వేదం: ఎవరి అబద్ధం?

యేసుసభవారిపై పడిన నిందలన్నిటిలో బరువైనది దొంగవేదం సృష్టించారన్నది. వ్యాసుడు, సుమంతుల సంవాదరూపంలో ఉన్న 'ఎజూర్వేదం' అనే ఫ్రెంచి గ్రంథంలో సుమంతుడు బహుదేవతారాధనను ఖండించి ఏకేశ్వరుని బోధిస్తాడు. మోదావ్ అనే ఫ్రెంచి అధికారి దాని ప్రతిని 1760లో వోల్టేరుకు ఇచ్చాడు. వోల్టేరు పరవశించి దానిని రాజగ్రంథాలయానికి సమర్పించి, అలెగ్జాండరుకు పూర్వపు గ్రంథమని ప్రచారం చేశాడు. అతని ఉద్దేశం వేరు. బైబిలు కంటె ముందే ఏకేశ్వరవాదం ఇండియాలో ఉందని చూపి క్రైస్తవపు ప్రత్యేకతను దెబ్బతీయాలి. క్రైస్తవానికి దారి వేయడానికి రాసిన గ్రంథం క్రైస్తవాన్నే కొట్టే కర్ర అయింది. 1778లో సెంత్-క్రుவா అచ్చువేశాడు. 1782లో సొన్నెరా అది వేదం కాదన్నాడు.

తేల్చినవాడు తెలుగువారికి చిరపరిచితుడు. 1816లో క్యాంబెలు తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో దక్షిణభాషలు సంస్కృతజన్యాలు కావని నిరూపించిన ఫ్రాన్సిసు వైట్ ఎల్లిసే పాండిచ్చేరి మిషను గ్రంథాలలో దీని మూలప్రతులను, ఇంకా అటువంటి మరికొన్ని కల్పితవేదాలను గుర్తించాడు. అతడు 1819లో మరణించాడు. వ్యాసం 1822లో వెలువడింది. అయితే ఎల్లిసు కర్తృత్వాన్ని నోబిలికి అంటగట్టాడు. నోబిలి బ్రహ్మవంశీయుడినని చూపడానికి పాతపత్రం కూడా పుట్టించాడన్న కథ అప్పటికే ప్రొటెస్టెంటు చరిత్రకారులలో చలామణీలో ఉంది. రెండూ కలిసి పందొమ్మిదవ శతాబ్దమంతా నోబిలిని కూటలేఖకునిగా నిలబెట్టాయి.

1984లో లూడో రోషె ఈ గ్రంథాన్ని సమగ్రంగా పరిశీలించి, అది నోబిలిది కాదనీ, పద్దెనిమిదవ శతాబ్ది ఫ్రెంచి యేసుసభవారి రచన అనీ నిర్ణయించాడు. ఒక వ్యక్తిని తేల్చి చెప్పలేదు. ఆ తరువాతివారిలో కొందరు తెలుగుసీమలో పనిచేసి 1740లో మరణించిన కాల్మెత్ వైపు మొగ్గుతున్నారు. పారిసు రాజగ్రంథాలయానికి వేదప్రతులు సంపాదించి పంపినవారిలో అతడు ముఖ్యుడు. అసలు వేదం ఎలా ఉంటుందో తెలిసినవాడే నకిలీ పేరుతో సంవాదం రాశాడంటే, దానిని వేదమని బ్రాహ్మణులను నమ్మించడానికా, బోధకుల వాదాభ్యాసానికా అన్న సందేహం వస్తుంది. శ్రోతలకు దానిని వేదంగా చదివి వినిపించారనడానికి ప్రమాణం కనబడదు. దానిని ప్రాచీనవేదమని లోకానికి చెప్పినవాడు బోధకుడు కాదు, వోల్టేరు. చేయని కూటరచనను నోబిలి పేర శతాబ్దం పైగా చెప్పుకొన్న పండితులు ఎనిమిదవ ఆజ్ఞ పరిధిలోకి నేరుగా వస్తారు. ఆజ్ఞ నిషేధించినది పొరుగువానిపై అబద్ధసాక్ష్యమే గదా.

కూటకర్తృత్వానికి మరింత స్పష్టమైన ఉదాహరణ వేరే చోట ఉంది. 1816లో ఇంగ్లీషులో వెలువడి ప్రసిద్ధి పొందిన అబ్బె దుబోయి హిందూ ఆచారాల గ్రంథం చాలామేరకు తెలుగుసీమలో జీవితం గడిపిన కేర్దూ రచనపై ఆధారపడిందని 1987లో సిల్వియా మ్యూర్ నిరూపించింది. దుబోయి ఆ రుణాన్ని చెప్పలేదు. తెలుగు, సంస్కృత, ఫ్రెంచి నిఘంటువు కూర్చిన కేర్దూ పేరు మరుగునపడి, దుబోయి పేరు ప్రతి పాఠ్యపుస్తకానికీ ఎక్కింది. సన్న్యాసివేషంపై వ్యయించిన ఆగ్రహంలో పదోవంతైనా మన విద్యాలోకం దీనిపై చూపలేదు.

6. దాచినది వేషమా, పంక్తియా?

పాపు ప్రతినిధి తూర్నో 1703లో పాండిచ్చేరికి వచ్చి, మరుసటి ఏడు మలబారు ఆచారాలను నిషేధిస్తూ శాసనం వెలువరించాడు. దానిపై నలభై ఏళ్లు వాదోపవాదాలు నడిచాయి. 1744 సెప్టెంబరు 12న పద్నాలుగవ బెనడిక్టు పాపుగారు ఆ వివాదాన్ని ముగించి, బోధకుల చేత ప్రమాణం చేయించే ఏర్పాటు కొనసాగించారు. శాసనంలోని అంశాలలో తాళిబొట్టు, స్నానాలు, విభూతి మొదలైనవి చర్చకు ఎక్కువగా వస్తాయి. మన చరిత్రకారులు ముక్తసరిగా దాటిపోయే అంశం ఒకటుంది. రోగంతో పడి ఉన్న పరయల ఇళ్లకు గురువులు స్వయంగా వెళ్లి సంస్కారాలు ఇవ్వాలన్నది అది. యేసుసభవారికి మింగుడుపడనిది కూడా ఇదే. మాలమాదిగల గడప తొక్కిన సన్న్యాసి మాట పైకులాలవారు వినరని వారి వాదం. చివరకు అంటరానివారికి వేరే గురువులను నియమించడానికి ఒప్పుకొన్నారు. మధురలో అప్పటికే బ్రాహ్మణ సన్న్యాసుల తీరు గురువులు వేరు, పండారస్వాములు వేరు.

ఈ వ్యాసకర్త దృష్టిలో అసలు ప్రశ్న ఇక్కడుంది. కాషాయం కట్టడం అబద్ధం కాదు. కట్టినవాడు నిజంగానే బ్రహ్మచారి, అపరిగ్రహి. ఫిరంగిని కానన్న మాట ద్వ్యర్థి. అగస్తీను దానిని ఒప్పడు, కాని అది బోధకుని గురించిన మాటే తప్ప బోధ గురించినది కాదు. ఇద్దరు గురువులను, రెండు పంక్తులను ఏర్పాటు చేసినప్పుడు మాత్రం వార్తే మారింది. క్రీస్తులో అందరూ ఒకటేనని గలతీయుల లేఖ మూడవ అధ్యాయంలో ఉంది. పంక్తి విడిచిన పేతురును మందలించినది అదే లేఖ రెండవ అధ్యాయంలో. మూడవది చదివి రెండవదానిపై మౌనం వహించడం అననీయ చేసిన పనికి దగ్గరగా ఉంటుంది. కొంత దాచి, ఇదే మొత్తం అన్నట్లు ముందుంచడం.

దీనికి ఎదురు ప్రశ్న ఉంది. శ్రోతలు మోసపోయారా? 1764లో ఫ్రాన్సులో యేసుసభను రద్దుచేశారు. 1773లో పాపుగారు సభనే రద్దుచేశారు. గురువులు అరుదైపోయిన దశాబ్దాలలో తెలుగు కథోలిక కుటుంబాలు ఊళ్లు మారాయి గాని మతం వదలలేదు. వచ్చినవారు ఫ్రెంచివారని అప్పటికి తెలియనివారు ఎవరూ ఉండరు. మాయవేషానికి మోసపోయినవారైతే వేషం తొలగిన నాడు తొలగిపోవాలి. అలా జరగలేదు కాబట్టి వారు నమ్మినది వేషధారిని కాదు, వార్తను అని చెప్పవచ్చు. అయితే ఈ వాదం రెండంచుల కత్తి. తాము విన్నదాన్ని అంత గట్టిగా పట్టుకొన్నవారు, దానితోపాటు అందిన పంక్తిభేదాన్నీ అంతే గట్టిగా పట్టుకొన్నారు.

తెలుగు కథోలిక సంఘంలో కులభేదం గురించి ఇటీవలి దశాబ్దాలలో దళిత క్రైస్తవ రచయితలు రాసినదంతా ఈ రెండవ అంచు గురించే. నల్లగొండ మేత్రాసనం హైదరాబాదు అగ్రపీఠపు పరిధిలోనిది. ఆ పీఠానికి అధిపతి అయిన పూల ఆంతోని 2022 ఆగస్టు 27న కార్డినలు అయ్యారు. ఆ హోదా పొందిన తొలి దళితుడు ఆయనే. రాయలసీమలో పుట్టారు. కర్ణాటక మిషను సన్న్యాసులు మూడు వందల ఏళ్ల క్రితం తిరిగిన సీమ అది. ఆనాడు వారు ఎవరి గడప తొక్కడానికి జంకారో ఆ జాబితాను తూర్నో శాసనపు ప్రతి ఒకటి ఇప్పటికీ చూపుతూనే ఉంది.